మనస్సు నొచ్చితే ఒళ్ళు చెబుతుంది

భయం కలిగినప్పుడు "గుండె జారిపోయింది" అంటాము. దుఃఖం ముంచుకొని వచ్చినప్పుడు "గొంతు పూడుకుపోయింది" అంటాము. బిడ్డ పడే కష్టం చూడలేకపోతే "కడుపు తరుక్కుపోయింది" అంటాము. అసూయకు కడుపుమంట అని పేరు. కోపానికి ఒళ్ళు మండుతుంది. దిక్కు తోచనప్పుడు కాళ్ళూ చేతులూ ఆడవు. మనస్సు పడే ప్రతి బాధకూ తెలుగు భాష ఒక అవయవాన్ని చూపుతున్నది. ఇవన్నీ మాటల అలంకారాలని అనుకొంటాము గాని, వైద్యుని దృష్టితో చూస్తే ఇది చాలావరకు రోగలక్షణాల పట్టిక.

చికిత్స కోసం నా వద్దకు వచ్చే గృహిణులలో అనేకులు ఇంచుమించు ఒకే విధమైన బాధలు చెబుతారు. మెడ, భుజాలు పట్టివేసినట్లుంటాయి. గుండెదడ. గొంతులో ఏదో ఉండ అడ్డుపడినట్లుంటుంది. నిద్ర మూడు గంటలకే తెలిసిపోతుంది. అన్నం సయించదు. వారి చేతి సంచిలో రక్తపరీక్షలు, ఇ.సి.జి., స్కానింగు కాగితాలు దొంతరగా ఉంటాయి. అన్నింటిలోనూ "సాధారణం" అని వ్రాసి ఉంటుంది. "నీకేమీ లేదమ్మా, అంతా నరాల బలహీనత" అన్న మాటతో ఆమె ఇంటికి తిరిగి వెళుతుంది. ధైర్యం చెప్పటానికే ఆ మాట అన్నప్పటికీ ఇంట్లో దానికి వేరే అర్థం పుడుతుంది. జబ్బు లేదు కనుక ఇదంతా నటన అని కొందరూ, పని తప్పించుకొనుటకు సాకు అని మరికొందరూ అనుకొంటారు. నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది.

ఇటువంటి బాధలకు మాటలతో మాత్రమే గాక దేహం ద్వారా కూడా చికిత్స చేయవచ్చునని, అంతటితో ఆగక ఆ మనిషి బ్రతుకుతున్న ఇంటినీ సమాజాన్నీ కూడా చూడవలెనని చెప్పిన మానసిక చికిత్సా పద్ధతులు కొన్ని ఉన్నవి. వానిలో స్వీకరింపదగినదేదో, విడువదగినదేదో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

చరకుడు గీసిన గీత

దేహం మనస్సును అనుసరిస్తుంది, మనస్సు దేహాన్ని అనుసరిస్తుంది అన్న భావం చరక సంహిత శారీరస్థానంలో స్పష్టంగా కలదు. అదే గ్రంథం సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో చికిత్స మూడు విధాలని చెప్పబడినది. మంత్రాది దైవవ్యపాశ్రయం మొదటిది. ఆహార ఔషధాలతో కూడిన యుక్తివ్యపాశ్రయం రెండవది. అహితమైన విషయాల నుండి మనస్సును మళ్ళించే సత్త్వావజయం మూడవది. ఈ మూడవదే నేడు మనం మానసిక చికిత్స అంటున్న దానికి దగ్గరి చుట్టం.

అయితే ఈ సందర్భంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది సూత్రస్థానం ఏడవ అధ్యాయంలోని విషయం. బలవంతాన ఆపకూడని దేహవేగాలు పదమూడింటిని చరకుడు అక్కడ పేర్కొన్నాడు. మలమూత్రాలు, తుమ్ము, త్రేనుపు, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన వానితో పాటు కన్నీరు కూడా ఆ పట్టికలో ఉన్నది. కన్నీటిని ఆపివేస్తే పడిశం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, తల తిరుగుట కలుగుతాయని చెప్పి, అందుకు నిద్రనూ ప్రియమైన కథలనూ ఉపాయంగా చూపినాడు. ఆ కాలపు గ్రంథం కనుక మద్యాన్ని కూడా చేర్చినాడు. మనకు దానితో పని లేదు. మిగిలిన రెండూ చాలును.

అదే అధ్యాయంలో ఆ వెంటనే, అణచుకొనవలసిన వేగాలు వేరుగా చెప్పబడినవి. లోభం, శోకం, భయం, క్రోధం, దురభిమానం, ఈర్ష్య మొదలైనవి ఆ కోవకు చెందుతాయి. పైకి చూస్తే ఇది పరస్పర విరుద్ధంగా తోచవచ్చును. కన్నీటిని ఆపవద్దంటూ శోకాన్ని ఆపుకొమ్మనుట ఎట్లా పొసగుతుంది? నాకు అర్థమైనంతలో భేదం ఇది: కన్నీరు దేహం తన బరువును దించుకొనే మార్గం. శోకాన్నీ క్రోధాన్నీ పదే పదే తలచుకొని పెంచి పోషించుట వేరొక పని. మొదటిదానికి దారి ఇవ్వవలెను. రెండవదానికి ఇంధనం వేయకూడదు. ఈ గీతను పాఠకులు గుర్తుంచుకొనవలెను. రాబోయే చర్చలో దీని అవసరం కలుగుతుంది.

వియన్నా వైద్యుని పరిశీలన

ఐరోపాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ నెలకొల్పిన మనోవిశ్లేషణ పద్ధతిలో రోగి పడక మీద పడుకొని తోచినది చెబుతూ ఉంటే వైద్యుడు వెనుక కూర్చొని వింటాడు. చికిత్స అంతా మాటల మీద నడుస్తుంది. దానికి డబ్బూ తీరికా కావలెను. పేదలకు కూడా ఈ చికిత్స ఉచితంగా అందవలసిన రోజు వస్తుందని ఫ్రాయిడ్ 1918లో బుడాపెస్టు నగరంలో జరిగిన సభలో చెప్పినాడు. ఆ ఆశయంతోనే 1920లో బెర్లిన్ నగరంలోనూ, 1922లో వియన్నా నగరంలోనూ ఉచిత మనోవైద్యశాలలు వెలిసినవి.

వియన్నా వైద్యశాలలో ఆరంభం నుండి పనిచేసిన యువవైద్యుడు విల్హెల్మ్ రైక్. ఈయన 1897లో నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో జన్మించినాడు. అక్కడికి వచ్చిన కూలీలను, పరిచారికలను, నిరుద్యోగులను చూసి ఆయన రెండు సంగతులు గ్రహించినాడు. మొదటిది: రోగి ఏమి చెబుతున్నాడో దానితో పాటు, ఎట్లా కూర్చున్నాడు, ఎట్లా ఊపిరి తీస్తున్నాడు, దవడ ఎట్లా బిగించినాడు అన్నది కూడా చూడవలెను. చిన్ననాటి నుండి ఏడుపునూ భయాన్నీ కోపాన్నీ దిగమ్రింగుతూ వచ్చిన మనిషి వానిని కండరాలు బిగించుట ద్వారానే దిగమ్రింగుతాడు. ఏళ్ళు గడిచేసరికి ఆ బిగింపు అలవాటుగా మారి, యుద్ధానికి పోయేవాడు ధరించే కవచం వలె ఒంటిని పట్టి ఉంటుంది. దీనికి ఆయన "కండర కవచం" అని పేరు పెట్టినాడు. కన్నులు, నోరు, మెడ, ఛాతీ, రొమ్ముకూ కడుపుకూ నడుమనుండే విభాజక పటలం, ఉదరం, కటిప్రదేశం అని ఆ కవచానికి ఏడు పట్టీలు చెప్పినాడు. ఇవి యోగశాస్త్రంలోని షట్చక్రాలు, సహస్రారం వంటివి కావు. కండరాల బిగింపును గురించిన వర్ణన మాత్రమే.

రెండవది: ఒకే గదిలో ఎనిమిది మంది నివసించే ఇంటిలో, రేపటి కూలి దొరుకుతుందో లేదో తెలియని బ్రతుకులో, మాటల చికిత్స ఎంతకాలం నిలుస్తుంది? ఒక్కొక్కరికీ చికిత్స చేస్తూ పోవుటకంటె, రోగాన్ని పుట్టించే పరిస్థితులను మార్చుట ముఖ్యమని ఆయన వాదించినాడు. 1929 నాటికి వియన్నాలో శ్రామికుల కోసం ఉచిత సలహా కేంద్రాలు నడిపినాడు. గర్భనిరోధం, ఇంటి ఇరుకు, భార్యాభర్తల సంబంధం, పిల్లల పెంపకం వంటి విషయాలు అక్కడ చర్చకు వచ్చేవి. 1933లో "వ్యక్తిత్వ విశ్లేషణ" అన్న ఆయన గ్రంథం వెలువడినది. మరుసటి ఏడు మనోవిశ్లేషకుల అంతర్జాతీయ సంఘం నుండి ఆయనను తొలగించినారు.

ఆ తరువాతి కథ విషాదకరం. అమెరికాకు వలస వెళ్ళిన రైక్, విశ్వమంతా నిండిన ఒక జీవశక్తిని కనుగొన్నానని ప్రకటించి, ఆ శక్తిని పట్టి ఉంచే పెట్టెలు తయారు చేసినాడు. వానికి శాస్త్రీయమైన ఆధారం లభించలేదు. 1954లో న్యాయస్థానం ఆ పెట్టెల పంపిణీని నిషేధించినది. ఆ ఉత్తర్వును ఉల్లంఘించిన నేరానికి ఆయనకు రెండేళ్ళ శిక్ష పడినది. 1956లో ఆయన పుస్తకాలను ప్రభుత్వం తగులబెట్టించినది. 1957లో ఆయన కారాగారంలోనే మరణించినాడు. పుస్తకాలను దహించుట అన్యాయమే. పెట్టెను నమ్ముట కూడా పొరపాటే. అంతమాత్రాన, వైద్యశాలలో ఆయన చేసిన పరిశీలన విలువ తరిగిపోలేదు.

కవచం ఎట్లా ఏర్పడుతుంది?

ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండాలపై ఉండే గ్రంథులు ఎడ్రినలిన్ అన్న రసాన్ని రక్తంలోకి విడుదల చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకొంటుంది. భుజాలు పైకి లేస్తాయి. పొట్ట బిగుసుకొంటుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. ఊపిరి కడుపులోనికి దిగక రొమ్ము పైభాగంలోనే ఆడుతుంది. పాము ఎదురైతే ఇదంతా అవసరం. పాము పోయిన తరువాత దేహం తిరిగి కుదుటపడుతుంది.

ఆపద ప్రతిరోజూ రాత్రి భోజనాల వేళకు ఇంటికి వస్తే ఏమవుతుంది? అప్పుల వాడు తలుపు తట్టవచ్చును, భర్త తాగి రావచ్చును, అత్తగారు వంటకు పేరు పెట్టవచ్చును. దేహం విశ్రాంతి స్థితికి తిరిగి వచ్చుటకు వ్యవధి దొరకదు. పైపై ఊపిరి అలవాటవుతుంది. గాలి చాలడం లేదని తోచి మనిషి మరింత వేగంగా పీలుస్తాడు. దానివల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్ళకు తిమ్మిర్లు, తల తేలిపోవుట, గుండెదడ కలుగుతాయి. వానిని చూసి గుండెజబ్బు అని భయపడతాడు. భయం వల్ల ఊపిరి మరింత వేగమవుతుంది. ఈ చక్రాన్ని మాటలతో ఆపుట కష్టం. ఊపిరిని నెమ్మది చేయుట ద్వారా ఆపుట సులభం. దేహం ద్వారా చికిత్స అన్నప్పుడు దానిలోని మూలసూత్రం ఇదే.

దారిని విస్తరించినవారు

రైక్ శిష్యుడైన అలెగ్జాండర్ లోవెన్ 1956లో న్యూయార్కులో ఒక సంస్థను స్థాపించి, నిలబడే తీరు, శ్వాస, కండరాల కదలిక ఆధారంగా ఒక చికిత్సాక్రమాన్ని రూపొందించినాడు. మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదాలు నేలకు పూర్తిగా ఆన్చి, దేహం బరువును నేలకు అప్పగించి నిలబడుట అందులో తొలి పాఠం. ఎప్పుడూ బిగదీసుకొని నిలబడేవారికి ఈ చిన్న మార్పే కాళ్ళలో వణుకు పుట్టిస్తుంది.

బ్రెజిల్ దేశంలో 1964 నుండి 1985 వరకు సైనిక పాలన సాగినది. ఆ కాలంలో రోబెర్టో ఫ్రెయిరె అన్న మనోవైద్యుడు రైక్ ఆలోచనలు గ్రహించి, "సోమ" అన్న సామూహిక చికిత్సను ఆరంభించినాడు. ఆ గ్రీకు మాటకు దేహమని అర్థం. భయపడి నోరు మూసుకొనుట ఒక దేశానికి అలవాటైనప్పుడు ఆ భయం ప్రతి ఒంటిలోనూ ఉంటుందనీ, దానిని ఒంటరిగా కాక పదిమంది మధ్య ఆటల ద్వారా విడిపించవలెననీ ఆయన భావించినాడు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి కాపాడుకొన్న కాపొయెరా అన్న నృత్యయుద్ధక్రీడ ఆయన పద్ధతిలో ఒక భాగమైనది.

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. సామాజిక శాస్త్రం చదివిన నర్తకి సోహిని చక్రవర్తి 2004లో "కోల్‌కతా సంవేద్" అన్న సంస్థను స్థాపించినారు. మనుషుల అక్రమ రవాణాకు గురై బయటపడిన బాలికలతో, స్త్రీలతో ఆ సంస్థ నాట్య చలన చికిత్సను నడుపుతున్నది. తన దేహమే తనకు శత్రువు అన్నట్లుగా బ్రతికిన పిల్లకు "జరిగినది చెప్పు" అనుట కొన్ని సందర్భాల్లో మరొక గాయమవుతుంది. చేయి చాపుట, తిరుగుట, అడుగు వేయుట ద్వారా "ఈ దేహం నాది" అన్న భావం మొదట తిరిగి రావలెను. మాట తరువాత దానంతట అదే వస్తుంది. చికిత్స పొందిన వారిలో కొందరు తరువాత తామే శిక్షకులైనారు. సమాజ స్పృహ గల చికిత్స అంటే ఇదే. రోగి ఎల్లకాలం రోగిగా మిగలదు, ఇతరులకు చేయి అందించే స్థితికి ఎదుగుతుంది.

స్వీకరించవలసినది, విడువవలసినది

ఈ పద్ధతులను గురించి అతిశయోక్తులు కూడా ప్రచారంలో ఉన్నవి. కనుక వేరుచేసి చూడవలెను.

నెమ్మదైన శ్వాస, కండరాలను క్రమంగా సడలించుట, నడక, వ్యాయామం వలన ఆందోళన, దిగులు తగ్గుతాయని అనేక పరిశోధనలు చూపినవి. కండరాల సడలింపును అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ 1929లోనే ఒక గ్రంథంగా వెలువరించినాడు. ఇతర చికిత్సలకు లొంగని మానసిక గాయంతో బాధపడుతున్న 64 మంది స్త్రీలపై జరిగిన యోగ పరిశోధన ఫలితాలను అమెరికాలో బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించినది. పది వారాల పాటు యోగ నేర్చిన 31 మందిలో 16 మంది, వ్యాధి నిర్ణయ ప్రమాణాల ప్రకారం, ఆ వ్యాధి నుండి బయటపడినారు. ఆరోగ్య విద్య మాత్రమే పొందిన 29 మందిలో ఆరుగురు బయటపడినారు. సంఖ్య చిన్నది గాని, ఫలితం గమనింపదగినది.

కండరాలలోనే పాత జ్ఞాపకాలు దాగి ఉంటాయన్న మాటను మాత్రం అక్షరాలా నమ్మకూడదు. జ్ఞాపకానికి స్థానం మెదడే. బిగింపు దానికి తోడుగా నడిచే అలవాటు. ఒక్క మర్దనతో చిన్ననాటి గాయం బయటపడి పోతుందని చెప్పేవారికి దూరంగా ఉండవలెను.

ఇక కోపం విషయం. దిండును గుద్ది, పరుపును బాది కోపాన్ని వెళ్ళగ్రక్కితే మనస్సు తేలికపడుతుందని లోవెన్ కాలంలో గట్టి నమ్మకం ఉండేది. అయితే 2002లో బ్రాడ్ బుష్‌మన్ అన్న మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధనలో, కోపం తెప్పించిన వానిని తలచుకొంటూ సంచిని గుద్దినవారికి కోపం తగ్గకపోగా పెరిగినట్లు తేలినది. ఊరకే కూర్చున్నవారి పరిస్థితే మేలుగా ఉన్నది. కన్నీటికి దారి ఇచ్చి, క్రోధానికి ఇంధనం వేయవద్దని చరకుడు గీసిన గీత ఇక్కడ మరల గుర్తుకు రాక మానదు.

జబ్బు ఒక్కరిదేనా?

మన పాఠకురాండ్రు తరచుగా అడిగే తెల్లబట్ట సమస్యనే చూడండి. విక్రమ్ పటేల్ మొదలైన వైద్యులు గోవాలో స్త్రీలపై జరిపిన విస్తృత పరిశీలన 2005లో ప్రచురితమైనది. తెల్లబట్ట అవుతున్నదని చెప్పిన స్త్రీలలో ఆ బాధకు సూక్ష్మజీవుల కంటె దిగులు, ఆందోళన, కుటుంబంలోని కష్టాలతోనే ఎక్కువ సంబంధం కనిపించినది. దీని అర్థం ఆమె అబద్ధం చెబుతున్నదని కాదు. మనస్సు బాగులేదని చెప్పుకొనే వీలు లేని చోట, ఒళ్ళు బాగులేదని చెప్పుకొనే అనుమతి మాత్రం ఉన్నది. ఆమె ఆ అనుమతినే వాడుకొంటున్నది.

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అని స్త్రీకి నేర్పుతాము. "ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు" అని పురుషునికి నేర్పుతాము. చెప్పుకొనే దారి ఆమెకు మూసివేసి, ఏడ్చే దారి అతనికి మూసివేసి, తరువాత ఇద్దరినీ వేరు వేరు వైద్యుల వద్దకు పంపుతున్నాము. ఆమె నొప్పి మాత్రలతోనూ, అతడు సీసాతోనూ కాలం వెళ్ళదీస్తారు.

రోగానికి మూలం ఒక్క మనిషిలోనే వెదకరాదన్న ఆలోచన ఆయుర్వేదానికి కొత్త కాదు. జనపదాలు నశించుటను గురించి చరక సంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయమే ఉన్నది. గాలి, నీరు, నేల, కాలం చెడుటకు మూలం అధర్మమనీ, పాలకులే ధర్మం తప్పినప్పుడు ప్రజలందరూ అనుభవిస్తారనీ అందులో చెప్పబడినది. దేశానికి చెప్పిన ఈ మాట ఇంటికి కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఇంటి పెద్దలు న్యాయం తప్పితే ఆ ఇంటిలో బలహీనమైన ఒళ్ళు ముందుగా జబ్బుపడుతుంది.

వినేవారు దొరికితే ఎంత మేలు కలుగుతుందో జింబాబ్వే దేశం చూపినది. అక్కడి మనోవైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరంలో, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లలు వేయించి, శిక్షణ పొందిన అవ్వలను కూర్చోబెట్టినాడు. దిగులును వారి భాషలో "అతిగా ఆలోచించుట" అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. వచ్చినవారి కష్టాన్ని ఆ అవ్వ విని, వానిలో ఒకదానిని ఎంచి, దానికి ఏమి చేయవచ్చునో కలిసి ఆలోచిస్తుంది. 573 మందితో జరిగిన పరిశోధన 2016లో వెలువడినది. ఆరు నెలల తరువాత, సాధారణ చికిత్స పొందినవారి కంటె ఈ బల్ల మీద కూర్చున్నవారిలో బాధ బాగా తక్కువగా ఉన్నట్లు తేలినది.

ఇంటిలో ఆచరింపదగినవి

ముందుగా ఒక మాట. ఒంటినొప్పులు, నీరసం, గుండెదడ అన్నీ మనస్సు వల్లనే కలుగవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, రక్తపోటు పరీక్షలు తప్పక చేయించుకొనవలెను. ఛాతీలో నొప్పి వస్తే దిగులని సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

1. శ్వాస: వెన్ను ఆన్చి కూర్చొని, ఒక చేయి పొట్టపై ఉంచుకొనవలెను. నాలుగు అంకెలు లెక్కించే వరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించే వరకు నెమ్మదిగా విడువవలెను. చేయి పైకి లేచి దిగవలెను. నిమిషానికి ఇంచుమించు ఆరు శ్వాసలు అవుతాయి. ఉదయం, సాయంత్రం ఐదేసి నిమిషాలు చాలును. ఊపిరి బిగబట్టకూడదు. కన్నులు మూసుకొంటే భయం కలిగేవారు తెరిచే ఉంచుకొనవచ్చును.

2. బిగింపు, సడలింపు: రాత్రి పడుకొన్న తరువాత పిడికిళ్ళు ఐదు క్షణాలు బిగించి, పదిహేను క్షణాలు వదలివేయవలెను. అదే విధంగా భుజాలు, దవడలు, పొట్ట, తొడలు, పాదాలు. రెండింటికీ భేదం ఒంటికి తెలియుటే ఇందులోని ప్రయోజనం. తరువాత శవాసనంలో ఉండవలెను.

3. అభ్యంగం: స్పర్శేంద్రియంలో వాయువు ప్రధానమనీ, ఆ ఇంద్రియానికి చర్మం ఆశ్రయమనీ, కనుక అభ్యంగం హితమనీ చరకుడు చెప్పినాడు. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనెతో మెడ, భుజాలు, నడుము, అరికాళ్ళు నెమ్మదిగా మర్దించుకొని, అరగంట తరువాత స్నానం చేయవలెను. జ్వరం, అజీర్ణం, పడిశం ఉన్నప్పుడు కూడదు. రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళకు మాత్రమే నూనె రాసుకొన్నా నిద్రకు మేలు. ఇంటిల్లిపాదికీ సేవ చేసే ఇల్లాలికి ఈ పాదాభ్యంగం మరొకరు చేస్తే ఫలం మరింత ఎక్కువ.

4. నడక: రోజుకు అరగంట. వీలైతే తోడుతో. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కలిసి నడిస్తే వ్యాయామంతో పాటు మాట కూడా తోడవుతుంది.

5. వినుట: కుటుంబంలో ఒకరు రోజుకు పది నిమిషాలు, సలహా చెప్పకుండా, తీర్పు ఇవ్వకుండా ఎదుటివారి మాట వినవలెను. "ఏడవకు" అనుటకు బదులు "నేనిక్కడే ఉన్నాను" అనవలెను.

6. పని పంపకం: తెల్లవారుజామున ఐదింటికి లేచి రాత్రి పదకొండింటికి పడుకొనే స్త్రీకి "విశ్రాంతి తీసుకో" అని చెప్పుట చికిత్స కాదు. అంట్లు ఎవరు తోముతారో, పిల్లలను బడికి ఎవరు దింపుతారో నిర్ణయించి చెప్పుటే చికిత్స.

హెచ్చరికలు

దేహం ద్వారా చికిత్స చేస్తామని ప్రకటించేవారి అర్హతలు తప్పక విచారించవలెను. వైద్యుడు తాకే ముందు అనుమతి అడగవలెను. వద్దన్న వెంటనే ఆగవలెను. దానికి భిన్నంగా ప్రవర్తించేవాడు చికిత్సకుడు కాడు. మనోవైద్యులు ఇచ్చిన మందులను ఈ వ్యాసం చదివి ఎవరూ మానివేయరాదు. సర్పగంధ వంటి మూలికలు రక్తపోటును తగ్గించే గుణం గలవి. వానిని వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడుట అపాయకరం.

రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఇంటి చికిత్సలతో కాలయాపన చేయరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యలో ఏ వేళనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చును. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్టణంలోనూ ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నవి. వానిని "పిచ్చాసుపత్రి" అని పిలిచే అలవాటు మానుకొనుట కూడా సమాజం చేయవలసిన చికిత్సలో ఒక భాగమే.

చివరిగా, ఇంటిలో హింసను అనుభవిస్తున్న స్త్రీలకు ఒక మాట. నూనె మర్దనతో భుజం నొప్పి తగ్గవచ్చును గాని, దెబ్బలు ఆగవు. ఊపిరి నెమ్మది చేసుకొనుట ధైర్యాన్ని కూడదీసుకొనుటకే గాని, ఓర్చుకొనుటకు కాదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చినది. మహిళల సహాయ సంఖ్య 181. అటువంటి ఇంట్లో ముందుగా చికిత్స కావలసినది దెబ్బలు తినే ఒంటికి కాదు, దెబ్బ కొట్టే చేతికి.

కనుక ఇంట్లో ఎవరైనా ఒళ్ళు బాగులేదన్నప్పుడు, పరీక్షలు చేయించండి, నూనె కాచి ఇవ్వండి, దగ్గర కూర్చొని వినండి. ఆ తరువాత ఆమె భుజాల మీద ఉన్న బరువులో ఏది మీది అయి ఉండవలసినదో చూసి, దానిని మీరు ఎత్తుకొనండి. ఈ నాలుగూ కలిసినప్పుడే చికిత్స పూర్తి అవుతుంది.